మార్కెట్ సోషలిజంలో ఏ రకం నయం? నష్టం వచ్చిన ఫ్యాక్టరీని అడిగి చూద్దాం

"మార్కెట్ సోషలిజం పనిచేస్తుందా?" అని ఎవరైనా అడిగితే నేను ముందు "ఏది?" అని తిరిగి అడుగుతాను. ఆ ఒక్క పేరు కింద కనీసం అయిదారు వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి. ఒకదాని తప్పు చూపించి ఇంకోదాన్ని కొట్టేయడం, ఒకదాని గొప్ప చెప్పి ఇంకోదాన్ని అంటగట్టడం ఈ చర్చల్లో ఎప్పుడూ జరిగేదే. అన్నింటికీ ఉమ్మడిగా ఉండేది ఇంతే: సరుకుల ధరలు మార్కెట్లోనే తేలతాయి, కంపెనీలు పోటీ పడతాయి, కానీ పెద్ద పెట్టుబడి మాత్రం కొద్దిమంది సొంత ఆస్తిగా ఉండదు. మరి ఎవరిది? ప్రభుత్వానిదా, అందులో పనిచేసేవాళ్ళదా, జనం అందరిదా? అక్కడే దారులు చీలతాయి.

ఏ రకాన్ని చూసినా నేను వేసే ప్రశ్నలు రెండే. ఒక ఫ్యాక్టరీకి వరసగా మూడేళ్ళు నష్టం వస్తే ఎవరు ఏం చేస్తారు? పక్క ఫ్యాక్టరీకి వరసగా మూడేళ్ళు లాభం వస్తే ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుంది? మొదటిది సామర్థ్యం సంగతి, రెండోది సమానత్వం సంగతి అనిపిస్తుంది గానీ నిజానికి రెండూ ముడిపడి ఉంటాయి, ఎందుకంటే నష్టాన్ని ఎవరో ఒకరు మోయాలి, ఆ మోసేవాడికి లాభంలో ఏమీ రాకపోతే వాడు ఎందుకు మోస్తాడు అన్నదే ఈ గొడవంతా.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. సమానత్వం అంటే మనసులో ఏముందో తేల్చుకోకుండా ఎంపిక చేయకండి. ఆస్తి మీద వచ్చే ఆదాయంలో సమానత్వం వేరు, జీతాల్లో సమానత్వం వేరు, పనిచేసే చోట మన మాటకు విలువ ఉండడం వేరు. ఈ మూడూ ఒకే ప్యాకెట్‌లో ఇచ్చే రకం నాకు ఇంతవరకు కనబడలేదు.

లాంగే నమూనా: కాగితం మీద చక్కగా ఉంటుంది

1920లో ఆస్ట్రియా ఆర్థికవేత్త లుడ్విగ్ ఫాన్ మీజెస్ సోషలిజానికి ఒక సవాలు విసిరాడు. యంత్రాలకూ భూమికీ మార్కెట్ లేకపోతే వాటికి అసలైన ధర ఉండదు, ధర లేకపోతే ఏది లాభమో ఏది దండగో లెక్కే కట్టలేం అన్నాడు. దానికి పోలండ్ ఆర్థికవేత్త ఓస్కార్ లాంగే 1936-37లో ఇచ్చిన జవాబు ఇప్పటికీ చదవడానికి ముచ్చటగా ఉంటుంది. వినియోగ వస్తువులకూ ఉద్యోగాలకూ మార్కెట్ ఉంచుదాం, యంత్రాలూ ముడిసరుకుల ధరలు మాత్రం కేంద్ర ప్రణాళికా బోర్డు ప్రకటిస్తుంది, మేనేజర్లకు రెండే ఆదేశాలు: అతి తక్కువ ఖర్చయ్యే పద్ధతి ఎంచుకో, చివరి యూనిట్ తయారీకి అయ్యే అదనపు ఖర్చు ధరతో సమానమయ్యేదాకా ఉత్పత్తి చెయ్యి. సరుకు చాలకపోతే బోర్డు ధర పెంచుతుంది, మిగిలిపోతే తగ్గిస్తుంది. లాభాలు జనానికి సామాజిక డివిడెండ్‌గా పంచుతారు.

ఇందులో గణితం తప్పు లేదు. లేనిది మనిషి. మేనేజర్ తన అసలు ఖర్చు ఎంతో బోర్డుకు నిజం ఎందుకు చెప్తాడు? ఎవరూ తయారు చేయని వస్తువు ఒకటి తయారు చేద్దామని అనుకుంటే ఏ ధర పట్టికలో దాన్ని వెతుక్కుంటాడు? నష్టం వస్తే అది వాడి చేతగానితనమా, దురదృష్టమా అన్నది ఎలా తేలుస్తారు? మీజెస్ దారిలోనే నడిచిన ఆర్థికవేత్త ఫ్రీడ్రిష్ హయెక్ 1945లో పట్టుకున్నది ఈ పాయింటునే. ఆర్థిక వ్యవస్థకు కావాల్సిన సమాచారం ఒకచోట పోగై ఉండదు, అది ఎక్కడికక్కడ, ఎప్పటికప్పుడు, పని చేస్తున్న మనుషుల దగ్గర చెల్లాచెదురుగా ఉంటుంది. లాంగే చివరి రోజుల్లో రాసి, చనిపోయాక 1967లో వెలువడిన వ్యాసంలో, ఆ సమీకరణాలన్నీ కంప్యూటర్‌కి ఇస్తే సెకను లోపే తేల్చేస్తుంది కదా అన్నాడు. ఇప్పుడు అదే మాట ఏఐ పేరు చెప్పి అంటున్నారు. కంప్యూటర్ ఎంత పెద్దదైనా మేనేజర్ పంపిన అబద్ధాన్నే వేగంగా లెక్క కడుతుంది, అంతకుమించి చేసేదేమీ లేదు.

తమాషా ఏంటంటే లాంగే యుద్ధం తర్వాత పోలండ్‌కి తిరిగి వెళ్ళి, 1957లో అక్కడి ఆర్థిక మండలికి అధ్యక్షుడు కూడా అయ్యాడు, అయినా ఆయన నమూనా ఆయన దేశంలోనే అమలు కాలేదు. నా సలహా: దీన్ని చదవండి, ఎంచుకోకండి.

పేరు మార్కెట్, పెత్తనం మంత్రిత్వ శాఖది

దీనికి పెద్ద ప్రయోగం హంగరీ. 1968 జనవరి 1 నుంచి ప్రభుత్వ కంపెనీలకు తప్పనిసరి టార్గెట్లు ఎత్తేశారు, లాభం చూసుకోండి అన్నారు. షాపుల్లో సరుకులు మిగతా తూర్పు ఐరోపా సోషలిస్టు దేశాల కంటే మెరుగ్గానే దొరికాయి. కానీ కంపెనీ ప్రభుత్వానిది, బ్యాంకు ప్రభుత్వానిది, డైరెక్టర్‌ని పెట్టేదీ తీసేదీ మంత్రిత్వ శాఖే. నష్టం వస్తే డైరెక్టర్ కస్టమర్ దగ్గరికి కాదు, మంత్రిత్వ శాఖకి పరిగెత్తేవాడు. సబ్సిడీయో, పన్ను మినహాయింపో, కొత్త అప్పో ఏదో ఒకటి దొరికేది. ఈ వ్యవహారానికి హంగరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నాయ్ మెత్తని బడ్జెట్ పరిమితి అని పేరు పెట్టాడు. చక్కని పేరు. బడ్జెట్ గోడలాగా ఉండాల్సింది పోయి దిండులాగా ఉంటుందన్నమాట, ఎంత గట్టిగా గుద్దుకున్నా దెబ్బ తగలదు. బాగా నడిచే కంపెనీల లాభం పన్నుల రూపంలో లాగేసి, నడవని వాటికి పోసేవాళ్ళు. అత్త సొత్తు అల్లుడు ధారపోసినట్టు. పన్నులు, సబ్సిడీల తర్వాత మిగిలే లాభానికీ, వాటికి ముందు సంపాదించిన లాభానికీ దాదాపు పొంతన లేకుండా పోయిందని కోర్నాయ్ లెక్కలు తీసి చూపించాడు. అలాంటప్పుడు కష్టపడి ఖర్చు తగ్గించడమెందుకు, ఆ టైం మంత్రి గారి గది ముందు గడిపితే ఎక్కువ గిట్టుబాటు.

చైనా సంగతి అడుగుతారని తెలుసు. 1992 పార్టీ మహాసభలో సోషలిస్టు మార్కెట్ ఆర్థిక వ్యవస్థ అని అధికారికంగా పేరు పెట్టుకున్నారు, వృద్ధి కళ్ళు చెదిరేలా వచ్చింది, కోట్లమంది పేదరికం నుంచి బయటపడ్డారు. అది చిన్న విషయం కాదు. కానీ మన ప్రశ్న సామర్థ్యమూ సమానత్వమూ కలిసి వస్తాయా అని. 1990ల చివర్లో ప్రభుత్వ కంపెనీల నుంచి రెండు కోట్ల పైచిలుకు మందిని తీసేశారు, ఆదాయ అసమానతను కొలిచే జీనీ సూచిక (0 అంటే అందరికీ సమానం, 1 అంటే అంతా ఒక్కడికే) 2008 నాటికి వాళ్ళ అధికారిక లెక్కల్లోనే 0.49కి చేరింది. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో అందులో సమానత్వం అంత. అభివృద్ధి నమూనాగా దాన్ని చర్చించండి, మనం వెతుకుతున్న జంటకు మాత్రం అది ఉదాహరణ కాదు.

కార్మికులే నడిపితే: యుగోస్లావియా

నాకు అన్నింటికంటే ఆసక్తికరమైనది ఇదే, కాబట్టి కాస్త ఆగుదాం. 1948లో స్టాలిన్‌తో తెగతెంపులయ్యాక యుగోస్లావియా నాయకుడు టిటో ప్రభుత్వం సోవియట్ పద్ధతి కాని సోషలిజం ఒకటి కనిపెట్టుకోవాల్సి వచ్చింది. 1950 జూన్‌లో చట్టం చేసి ఫ్యాక్టరీలను కార్మిక మండళ్ళకు అప్పగించారు. 1965 సంస్కరణలతో మార్కెట్ ఇంకా లోపలికి వచ్చింది, పెట్టుబడి నిర్ణయాలు కేంద్ర ప్రభుత్వం నుంచి కంపెనీలకూ బ్యాంకులకూ జారాయి. ఫ్యాక్టరీ ఎవరి సొంతమూ కాదు, అది సామాజిక ఆస్తి. కార్మికులు దాన్ని వాడుకుంటారు, అమ్ముకోలేరు, ఖర్చులూ పన్నులూ పోగా మిగిలింది పంచుకోవాలా దాచుకోవాలా అని తామే తేల్చుకుంటారు.

వినడానికి చాలా బాగుంది. ఇప్పుడు బెంజమిన్ వార్డ్ అనే ఆర్థికవేత్త 1958లో లేవనెత్తిన చిక్కును చిన్న అంకెలతో చూడండి. ఒక ఫ్యాక్టరీకి అద్దె, వడ్డీ లాంటి కదలని ఖర్చు 1,000. పదిమంది కలిసి 3,000 విలువైన సరుకు తీస్తారు. ఖర్చు పోగా 2,000, తలా 200. పదకొండో మనిషిని తీసుకుంటే అమ్మకం ఇంకో 150 పెరుగుతుంది, అంటే 2,150ని పదకొండుమంది పంచుకోవాలి, తలా 195. బయట ఒకామె 120కి కూడా పని చేయడానికి సిద్ధంగా ఉంది. మామూలు యజమాని అయితే 120 ఇచ్చి 150 సంపాదిస్తాడు కాబట్టి వెంటనే తీసుకుంటాడు. ఇక్కడ పదిమంది ఓటేస్తే? తలా 5 పోగొట్టుకోవడానికి ఎవరు చెయ్యెత్తుతారు?

ఇంకా వింత ఉంది. తొమ్మిదిమందే ఉంటే అమ్మకం 2,790 అనుకుందాం. ఖర్చు పోగా 1,790, తలా 199 లోపు. అంటే పదిమంది ఉండడమే మేలు. ఇప్పుడు సరుకు ధర రెట్టింపైంది. పదిమందైతే 6,000 నుంచి 1,000 తీసేస్తే 5,000, తలా 500. తొమ్మిదిమందైతే 5,580 నుంచి 1,000 పోగా 4,580, తలా 508 పైనే. సరుకుకు గిరాకీ పెరిగితే ఎక్కువమందిని పెట్టుకోవాల్సింది పోయి ఒకర్ని పంపించేస్తే లాభం! కదలని ఖర్చును పంచుకోవడానికి పక్కన మనుషులు ఉండడం ధర తక్కువున్నప్పుడు అవసరం, ధర పెరిగాక భారం. అంతే కిటుకు.

నిజజీవితంలో తోటివాళ్ళను ఎవరూ అలా గెంటేయరు. అమెరికా వాయవ్య తీరంలోని ప్లైవుడ్ సహకార మిల్లుల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది కూడా, ధరలు పడినప్పుడు వాళ్ళు మనుషుల్ని తీసేయకుండా అందరూ జీతం తగ్గించుకున్నారని. అయితే కొత్తవాళ్ళను చేర్చుకోవడంలో ఆ బిగింపు మాత్రం నిజమే. యుగోస్లావియాలో ఉద్యోగాలు చాలక లక్షలమంది పశ్చిమ జర్మనీకి పనికి వెళ్ళారు, ఒక సోషలిస్టు దేశం తన కార్మికులను పెట్టుబడిదారీ ఫ్యాక్టరీలకు పంపుకుంది.

లాభం సంగతి ఇంకా ఘోరం. కరెంటు ఉత్పత్తి లాంటి లాభాల రంగంలో ఉన్నవాళ్ళకు, బట్టల మిల్లులో ఉన్నవాళ్ళకు, అదే చదువూ అదే పనీ అయినా ఆదాయాలు వేరు. మనిషి అదృష్టం ఏ గేటు లోపలికి వెళ్ళాడన్నదాన్ని బట్టి. ప్రాంతాల మధ్య తేడా ఇంకా పెరిగింది, 1980ల చివరికి స్లొవేనియాలో తలసరి ఉత్పత్తి కొసొవోతో పోలిస్తే సుమారు ఏడెనిమిది రెట్లు. ఇక్కడ యజమాని లేడు, దోపిడీదారు లేడు, అయినా అసమానత. పెట్టుబడి ఆదాయం పోయినంత మాత్రాన అసమానత పోదని ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

నష్టం వస్తే? ఫ్యాక్టరీ ఎవరిదీ కాదు కాబట్టి దివాలా తీసేవాడూ లేడు. రిటైరైతే తన వాటా చేతికి రాదు కాబట్టి లాభాన్ని యంత్రాల మీద పెట్టడం కంటే జీతంగా తీసుకోవడమే కార్మికుడికి తెలివైన పని, యంత్రాలకు బ్యాంకు అప్పు ఉందిగా. బ్యాంకుల్లో పెత్తనం ఎవరిది? అప్పు తీసుకునే కంపెనీలదీ, స్థానిక నాయకులదీ. ద్రవ్యోల్బణం వడ్డీ రేటును దాటిపోతుంటే అప్పు చేయనివాడు వెర్రివాడు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్టు అయింది, 1989లో ధరల పెరుగుదల ఏడాదికి వెయ్యి శాతం దాటిపోయింది. దేశం విడిపోవడానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి, అదంతా స్వయం నిర్వహణ నెత్తిన రుద్దడం అన్యాయం, కానీ నష్టం ఎవరు మోయాలో చెప్పని ఏర్పాటు మిగిలినవాటి భారం కూడా మోయలేకపోయింది.

సొంత వాటా ఉన్న సహకారం: మొండ్రాగోన్

యుగోస్లావియా తప్పును చాలావరకు సరిచేసినది స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో ఉంది. 1956లో ఒక క్యాథలిక్ పూజారి ప్రోద్బలంతో అయిదుగురు యువకులు స్టవ్‌ల తయారీతో మొదలుపెట్టారు, ఇప్పుడది 70,000 మందికి పైగా పనిచేసే సహకార సంస్థల కూటమి. తేడా ఎక్కడంటే చేరేటప్పుడు ప్రతి సభ్యుడూ సొంత డబ్బు పెడతాడు (సుమారు 15,000 యూరోలు, జీతంలో కోతగా కూడా కట్టొచ్చు), లాభంలో వాటా తన పేరున ఖాతాలో పడుతుంది, రిటైరయ్యాక చేతికొస్తుంది. అంటే యంత్రాల మీద పెట్టిన డబ్బు తనదే. పై జీతానికీ కింది జీతానికీ మధ్య తేడా మొదట్లో 3 రెట్లు, ఇప్పుడు చాలావాటిలో 6 రెట్ల దరిదాపు. పెద్ద కంపెనీల సీఈఓలు వందల రెట్లు తీసుకునే రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

మరి నష్టం వస్తే? జరిగింది కూడా. వాళ్ళ మొదటి సంస్థకు వారసురాలైన ఫాగోర్ గృహోపకరణాల కంపెనీ 2005లో ఫ్రాన్స్‌లో పెద్ద కంపెనీని కొని అప్పుల్లో మునిగింది, 2008 తర్వాత స్పెయిన్‌లో ఇళ్ళ కట్టడం ఆగిపోతే ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ కొనేవాడు లేడు. తోటి సహకార సంస్థలు కొన్నేళ్ళు డబ్బు పోశాయి. సభ్యులు జీతాలు తగ్గించుకున్నారు. 2013లో ఇక చాలు అన్నారు, కంపెనీ దివాలా తీసింది. చూడండి, బడ్జెట్ ఇక్కడ దిండు కాదు, ఆలస్యంగానైనా గోడే. దాదాపు 2,000 మంది సభ్యుల్లో ఎక్కువమందిని కూటమిలోని వేరే సంస్థల్లో సర్దారు, కొందరిని ముందస్తు రిటైర్మెంట్‌కి పంపారు. కానీ వాళ్ళు పెట్టుకున్న పొదుపు పోయింది, జీవితమంతా దాచిన సొమ్ము తమ ఉద్యోగం ఉన్న కంపెనీలోనే ఉండడం వల్ల రెండూ ఒకేసారి దెబ్బతిన్నాయి. పోలండ్, ఫ్రాన్స్ ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళు అసలు సభ్యులే కాదు, వాళ్ళకు ఈ సర్దుబాటు దక్కలేదు. సమానత్వం గేటు దగ్గర ఆగిపోయింది.

కాబట్టి నా లెక్క ఇది. మనుషుల నైపుణ్యం మీద నడిచే చోట, యంత్రాల ఖర్చు మరీ భారీగా లేని చోట, సభ్యుల మధ్య పని తేడాలు తక్కువున్న చోట సహకారం చాలా మంచి ఎంపిక, ఉత్పాదకతలో మామూలు కంపెనీలకు తీసిపోదని చాలా పరిశోధనలు చెప్తున్నాయి. చిప్ ఫ్యాక్టరీ, ఉక్కు కర్మాగారం, కొత్త మందు కనిపెట్టే ల్యాబు లాంటి వాటికి, కార్మికుల జేబుల్లోంచి అంత పెట్టుబడీ అంత రిస్కూ పెట్టించడం వాళ్ళకు చేసే మేలు కాదు.

డేవిడ్ ష్వైకార్ట్ అని అమెరికా తత్వవేత్త ఒకాయన దీనికి మందు చెప్పాడు. ఫ్యాక్టరీ సమాజానిది, నడిపేది కార్మికులు, ఆస్తి విలువ మీద పన్ను కడతారు, ఆ పన్నును జనాభా లెక్కన ప్రాంతాలకు పంచి ప్రభుత్వ బ్యాంకుల ద్వారా కొత్త పెట్టుబడులకు ఇస్తారు. ప్రాంతీయ తేడాల జబ్బుకు మంచి మందే. బ్యాంకు మేనేజర్ మీద ఒత్తిడి తెచ్చే స్థానిక నాయకుడికి మందేంటో మాత్రం కనబడదు.

అదే ముడి స్వీడన్ వైపు నుంచి

యుగోస్లావియాలో లాభం జీతంగా మారి కార్మికుల మధ్యే తేడాలు తెచ్చింది అనుకున్నాం కదా. స్వీడన్ కార్మిక సంఘాల ఆర్థికవేత్తలు యోస్టా రేన్, రుడాల్ఫ్ మైడ్నర్ 1951 నాటికే దీనికి సరిగ్గా తిరగేసిన ఏర్పాటు చెప్పారు. కంపెనీకి లాభమొచ్చినా నష్టమొచ్చినా సమానమైన పనికి సమానమైన జీతం, దేశమంతా. ఆ జీతం ఇవ్వలేని కంపెనీ మూతపడనీ, దాన్ని బతికించడానికి డబ్బు తగలేయకండి, అందులో పనిచేసినవాళ్ళకు శిక్షణ ఇచ్చి, అవసరమైతే ఊరు మారడానికి సాయం చేసి మంచి కంపెనీలోకి పంపండి. ఫ్యాక్టరీని చావనిస్తారు, మనిషిని పడనివ్వరు. ఈ మొత్తం చర్చలో నాకు బాగా నచ్చిన ఆలోచన ఇదొక్కటే అని చెప్పినా తప్పులేదు, సామర్థ్యమూ సమానత్వమూ ఒకదానికొకటి అడ్డం రాకుండా ఒకే దిక్కుకు తోసింది ఇదే.

కానీ ఒక చిక్కు మిగిలింది. బాగా నడిచే కంపెనీలు ఎక్కువ జీతం ఇవ్వగలిగి కూడా ఇవ్వక్కర్లేదు, ఆ మిగులంతా షేర్‌హోల్డర్లకు. కార్మికుల సంయమనం యజమానుల సంపద అయింది. అందుకే మైడ్నర్ 1975లో రెండో మెట్టు చెప్పాడు: పెద్ద కంపెనీలు ఏటా లాభంలో 20 శాతానికి సమానమైన కొత్త షేర్లు కార్మికుల ఉమ్మడి నిధులకు రాయాలి. కొన్ని దశాబ్దాల్లో కంపెనీలు ఆ నిధుల చేతికి వచ్చేస్తాయి. యజమానులు ఊరుకుంటారా? 1983 అక్టోబర్ 4న స్టాక్‌హోమ్ వీధుల్లో వేలాదిగా ఊరేగింపు తీశారు. చివరికి బాగా పలచబడ్డ చట్టం వచ్చి, అయిదు నిధులు ఏర్పడి, 1991లో ప్రభుత్వం మారగానే రద్దయిపోయాయి.

ఆస్తిని ప్రజలకు, నిర్వహణను మార్కెట్‌కు వదిలే ఈ నిధుల దారి అక్కడితో ఆగలేదు. జేమ్స్ మీడ్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త ఎప్పుడో చెప్పాడు, ప్రభుత్వం కంపెనీల షేర్లు పట్టుకుని ఆ డివిడెండ్ జనానికి పంచాలి, మేనేజ్‌మెంట్‌లో వేలు పెట్టకూడదు అని. నార్వే చమురు డబ్బుతో ఒక ప్రజా నిధి పెట్టి దాదాపు ఆ పనే చేసింది, సోషలిజం అనే పేరు పెట్టకుండా. 1990లో చట్టం, 1996లో మొదటి జమ, ఇప్పుడు ప్రపంచంలో స్టాక్ మార్కెట్లలో నమోదైన కంపెనీల షేర్లలో సుమారు ఒకటిన్నర శాతం ఆ నిధివే. పైగా ఈక్వినోర్ చమురు కంపెనీలో 67 శాతం వాటా ప్రభుత్వానిది, అయినా దాన్ని నష్టాలొస్తే ఎవరో కాపాడతారులే అనే ధీమాతో నడపరు. మన దగ్గర అంత చమురు లేదుగా అంటారు. నిజమే, కానీ షేర్లు కొనడానికి చమురే అక్కర్లేదు, వారసత్వ పన్నుతోనో మైడ్నర్ చెప్పినట్టు కొత్త షేర్ల జారీతోనో కూడా నింపొచ్చు, కాస్త ఆలస్యం అంతే.

కూపన్ సోషలిజం

అమెరికా ఆర్థికవేత్త జాన్ రోమర్ 1990ల మొదట్లో చెప్పింది ఇంకా చమత్కారంగా ఉంటుంది. 21 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ సమానంగా కూపన్లు. వాటితో పెద్ద కంపెనీల షేర్లు కొనొచ్చు, మార్చుకోవచ్చు, డివిడెండ్ నిజమైన డబ్బుగా వస్తుంది. కానీ కూపన్లను గానీ షేర్లను గానీ డబ్బుకు అమ్మకూడదు. చనిపోగానే వెనక్కి ప్రభుత్వానికి. స్టాక్ మార్కెట్ ఇచ్చే క్రమశిక్షణ ఉంటుంది, కొద్దిమంది చేతుల్లో సంపద పోగుపడడం ఉండదు.

డబ్బుకు అమ్మకూడదనే ఆ ఒక్క నిబంధన ఎంత ముఖ్యమో రష్యా చూపించింది. 1992లో ప్రతి పౌరుడికీ 10,000 రూబుళ్ళ వోచర్ ఇచ్చారు, అమ్ముకోవచ్చన్నారు. ధరలు మండిపోతున్న రోజులు, జీతాలు అందని ఇళ్ళు. చేతిలో కాగితం పెట్టుకుని పదేళ్ళు ఎదురుచూసే ఓపిక ఎవరికుంటుంది, వచ్చినంతకు అమ్మేశారు, పోగేసినవాళ్ళు కుబేరులయ్యారు. రోమర్ పథకంలో ఆ తలుపు మూసేశారు. అయినా కంపెనీని గట్టిగా నిలదీసేది ఎవరన్న ప్రశ్న ఉంది, కోట్లమంది తలా కాస్త షేర్లు పట్టుకుంటే ఎవరూ పట్టించుకోరు, అందుకే ఆయన బ్యాంకులు కనిపెట్టుకుని ఉంటాయన్నాడు. మళ్ళీ బ్యాంకే! ఈ చర్చలో ఎటు తిరిగినా చివరికి బ్యాంకు గుమ్మం దగ్గరే తేలతాం.

ఇంకోటి, ఆదాయంలో పెద్ద భాగం జీతాలదే కాబట్టి లాభాలన్నీ సమానంగా పంచినా డాక్టర్‌కీ స్వీపర్‌కీ జీతం తేడా అలాగే ఉంటుంది. దాని కోసం చదువు, పన్నులు, సంఘాల బేరసారాలు వేరే కావాలి.

మరి పన్నులు వేస్తే సరిపోదా?

ఇంత తలనొప్పి ఎందుకు, ప్రైవేటు ఆస్తి ఉంచేసి గట్టిగా పన్ను వేసి మంచి బడులూ ఆసుపత్రులూ ఇస్తే చాలదా? ఆదాయ సమానత్వం వరకే మీకు కావాలంటే, నిజాయితీగా చెప్తున్నా, చాలావరకు సరిపోతుంది. అమలు చేసి చూపించిన దేశాలున్నాయి, రిస్క్ తక్కువ. కానీ స్వీడన్‌నే చూడండి, ఆదాయాల్లో అంత సమానంగా ఉన్న దేశంలో సంపద పంపకం మాత్రం చాలా అసమానం. సంపద ఉన్నవాడు మీడియా కొనగలడు, పెట్టుబడి వెనక్కి తీసుకుంటానని బెదిరించగలడు, పన్ను చట్టాన్నే మార్పించగలడు. పన్నుల దారి ఎంచుకుంటే ప్రతి ఎన్నికలోనూ అదే యుద్ధం మళ్ళీ గెలవాలి.

ఎవరికి ఏది

మీకు ముఖ్యమైనది పని చోట మాట చెల్లడం అయితే సహకార సంఘాల దారి, మొండ్రాగోన్ పద్ధతిలో సొంత ఖాతాలతో, ఒక్కటిగా కాకుండా కూటమిగా. ఒంటరి సహకార సంఘం మొదటి గాలివానకే పడిపోతుంది. పొదుపంతా ఉన్న కంపెనీలోనే పెట్టించే నిబంధన ఉంటే దాన్ని మాత్రం మార్చుకోండి, ఫాగోర్ వాళ్ళను అడిగితే తెలుస్తుంది.

సంపద కొద్దిమంది దగ్గర పోగుపడడమే మీ బాధ అయితే ప్రజా నిధి. నా ఓటు దీనికే, పక్కన రేన్-మైడ్నర్ జీతాల విధానం ఉంటే ఇంకా గట్టిగా. కంపెనీలో పెద్ద వాటా ఉన్నా రోజువారీ వ్యవహారంలో తలదూర్చకుండా, నష్టం వచ్చిన కంపెనీకి మళ్ళీ మళ్ళీ డబ్బు పోయకుండా చట్టంలోనే గట్టి గీత గీయాలి. గీత లేకపోతే పదేళ్ళలో హంగరీ అయిపోతుంది.

కూపన్లు ఇప్పటికిప్పుడు దేశం మొత్తానికి వద్దు. ప్రైవేటీకరణ ఎలాగూ జరుగుతున్న చోట, వోచర్లు పంచుదామని ఎవరైనా అంటే, డబ్బుకు అమ్మకూడదనే రోమర్ నిబంధన లేకుండా ఒప్పుకోకండి. లాంగేకీ, మంత్రిత్వ శాఖ నడిపే మార్కెట్‌కీ నా దగ్గర ఎవరికీ సిఫార్సు లేదు.

ఇక నిలబడే సంగతి. స్వీడన్ నిధులు రద్దయినప్పుడు వీధుల్లోకి వచ్చి ఏడ్చినవాళ్ళు పెద్దగా లేరు, ఎందుకంటే ఏ కార్మికుడి చేతికీ అందులోంచి నేరుగా రూపాయి వచ్చింది లేదు, అది సంఘం ఆఫీసులో ఫైలు. అదే అమెరికా రాష్ట్రం అలాస్కాలో చమురు డబ్బుతో 1976లో పెట్టిన నిధి, 1982 నుంచి పిల్లాపాపలతో సహా అర్హత ఉన్న ప్రతి నివాసికీ ఏటా సమానంగా చెక్కు పంపుతోంది, మొదటిది 1,000 డాలర్లు. 2016లో గవర్నర్ ఆ చెక్కును దాదాపు సగానికి కోసేస్తే వ్యవహారం కోర్టుదాకా వెళ్ళింది, గవర్నర్ వైపే తీర్పు వచ్చినా ఆ తర్వాత అక్కడ ఏ ఎన్నికలోనూ చెక్కు ఎంత అన్నది తప్ప ముందుగా వేరే మాట లేచింది తక్కువే.